దూతకు దక్కిన పేరు

నా భార్య చేసిన పనికి దేవదూతకు పేరొచ్చింది. ఇందులో అనుమానం లేదు. మా చర్చిలో పిల్లా జెల్లా అందరూ ఆ దూతనే పొగిడారు. ఫ్లోరా మీద మట్టి కప్పి ఇళ్ళకు పోయారు.

మాది బొబ్బిలి దగ్గర పల్లె. అక్కడి మిషన్ బడిలో ఏడో తరగతి దాకా చదివి భిలాయి వచ్చాను. ఉక్కు కర్మాగారం కోక్ ఓవెన్స్‌లో పనిచేసి రిటైరయ్యాను. క్వార్టరు అప్పగించేసి క్యాంప్ ఒకటి అనే పేటలో రెండు గదుల ఇంట్లోకి మారాం. దూతల సంగతి నాకు తెలియనిది కాదు. బడిలో బెత్తం పట్టుకుని వల్లె వేయించారు. చనిపోయిన మనుషులు దూతలు కారు. దూతలది వేరే సృష్టి. వాళ్ళకు పెళ్ళి లేదు, ముసలితనం లేదు, ఒళ్ళు లేదు. దేవుడు పంపిన చోటికి పోతారు, చెప్పిన పని చేస్తారు. ప్రతి మనిషికీ ఒకడు కాపలా ఉంటాడు. నేను వల్లించాను. ఫ్లోరా నమ్మింది.

ఎంత నమ్మిందంటే, బయటికి వెళ్ళేటప్పుడు గుమ్మం దాటాక తలుపు వెంటనే వేసేది కాదు. కాసేపు ఆగి, తన వెనక దూత కూడా వచ్చాడనుకున్నాక గొళ్ళెం పెట్టేది.

"ఆడికి తలుపేటడ్డు? గోడలోంచి రాలేడేటి?" అనేవాణ్ణి.

"రాగలడు. మనకి మర్యాదుండాలి కదండీ," అనేది.

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం వేరై మూడేళ్ళు కావస్తున్న రోజుల్లో ఆమె పోయింది. ఆ వేళ నెలలో మొదటి ఆదివారం. మా చర్చిలో ఆ రోజు ప్రభువు బల్ల ఉంటుంది, రొట్టె, ద్రాక్షరసం పంచుతారు. బాప్తిస్మం పొందిన ఆడవాళ్ళంతా తెల్లచీరలు కట్టుకుని వస్తారు. ఫ్లోరా కూడా తెల్లచీరే కట్టింది. పక్కింటి బేబీ గులాబీరంగు చీర కట్టింది. బేబీ భర్త బంగార్రాజు రైల్వేలో పనిచేస్తాడు. వాళ్ళ ఇంట్లో దేవుడి గది ఉంది, అత్తగారు రోజూ దీపం పెడుతుంది. బేబీ మాత్రం ఫ్లోరా వెంట చర్చికి రావడం మొదలుపెట్టింది. ఇంకా బాప్తిస్మం పొందలేదు కనుక ఆమెకు బల్లలో భాగం లేదు, తెల్లచీర లేదు. ఫ్లోరాను అప్పా అని పిలిచేది. మా వైపు అక్కను అలాగే అంటారు.

ఆరాధన అయ్యాక నేను సైకిలు మీద ఇంటికి వచ్చాను. వాళ్ళిద్దరూ జబ్బుపడ్డ ఒకావిడకు ప్రార్థన చెయ్యడానికి నెహ్రూ నగర్ వెళ్ళారు. తిరిగి వచ్చేటప్పుడు రాయపూర్ రోడ్డు దాటుతుంటే ట్రక్కు వచ్చింది. ఆగలేదు. దాని మీద ఇంకా పాత మధ్యప్రదేశ్ నంబరే ఉందని చూసినవాళ్ళు చెప్పారు. బేబీకి మోచెయ్యి గీరుకుపోయింది. ఫ్లోరా ఆసుపత్రికి చేరకముందే పోయింది.

మా చర్చిలో ప్రసంగానికి ముందు సాక్ష్యాలు ఉంటాయి. దేవుడు తనకు చేసిన మేలు ఎవరైనా లేచి చెప్పవచ్చు. ఫ్లోరాను సమాధి చేసిన తరవాతి ఆదివారమే బేబీ లేచింది.

"ఎనకనించి ఎవరో నా జబ్బ పట్టుకుని లాగీసారండి. తెల్లబట్టలే కనబడ్డాయి. మొకం కనబడలేదు. నేనిటు పడ్డాను. లేచి చూసేసరికి ఎవరూ నేరు," అని ఏడ్చింది.

చర్చి మొత్తం స్తోత్రం అంది. వెనక వరసలో ముసలమ్మలు చప్పట్లు కొట్టారు. పాస్టరు సూర్యారావుగారు తాను సిద్ధం చేసుకున్న ప్రసంగం పక్కన పెట్టి ఆ పూటంతా దూతల గురించే చెప్పారు. నేను మొదటి వరసలో కూర్చుని విన్నాను. అదే రోడ్డు మీద ఇంకో మనిషి కూడా ఉందన్న మాట ఆయన నోట చివరి ప్రార్థనలో వచ్చింది.

ఆ తరవాత బేబీ సాక్ష్యానికి ఊరూరా గిరాకీ పెరిగింది. స్త్రీల కూటాల్లో చెప్పించారు. దుర్గ్ తీసుకెళ్ళి చెప్పించారు. కోహ్కాలో మా కూతురు డైసీ అద్దెకుండే ఇంటి యజమాని అది విని గోడకు కేలెండరు బొమ్మ ఒకటి తగిలించాడు. విరిగిన వంతెన మీద ఇద్దరు పిల్లలు నడుస్తుంటే వెనక రెక్కల దూత. ఆ బొమ్మలో దూత ఇద్దరినీ కాపాడుతున్నాడు. మా రోడ్డు మీదకు వచ్చినవాడికి ఒకరే కనబడినట్టున్నారు.

నేను ఆ చోటు చూడటానికి వెళ్ళాను. రోడ్డు పక్కన టీ కొట్టు ఉంది. కొట్టతను ఛత్తీస్‌గఢీ మనిషి. నేనెవరో చెప్పాను. స్టవ్ తగ్గించి బయటికి వచ్చాడు.

"సఫేద్ సాడీ వాలీ నే ఖీంచా, బాబూజీ," అన్నాడు. తెల్లచీర ఆవిడే గులాబీచీర ఆవిణ్ణి లాగిందట. లాగిన ఊపుకు తానే ముందుకు తూలిందట. "కుఛ్ చిల్లాయీ భీ థీ. ఓలమ్మో, ఐసా కుఛ్." ఏదో అరిచింది కూడానట.

ఓలమ్మో. ఆ మాట అతనిది కాదు. వినకపోతే అతనికి రాదు. కడవ జారినా, పాలు పొంగినా ఫ్లోరా అనే మాట అది. టీ ఇచ్చాడు. తాగకుండా వచ్చేశాను.

డైసీకి చెప్పాను. అది ఇక్కడే పుట్టింది. తెలుగు సగంలో ఆగిపోతుంది.

"ఛోడోనా డాడీ. ఆంటీకి దూతే కనిపించింది అనుకో. మమ్మీ వాపస్ ఆయేగీ క్యా?"

"తిరిగి రమ్మనలేదు. పేరు తిరిగిమ్మంటున్నాను."

"పేరుతో ఏం చేస్తావ్?"

ఇంట్లో ఒకే పళ్ళెం కడుక్కునేవాడికి పేరెందుకో, మొగుడూ పిల్లలూ ఉన్నదానికి చెప్పినా అర్థం కాదు.

ఏడాది తిరిగింది. జ్ఞాపకార్థ కూటం పెట్టాలని పాస్టరుగారు మా ఇంటికి వచ్చారు. మంచి మనిషే. ఫ్లోరా సమాధి దగ్గర నాతోపాటు వానలో నిలబడ్డారు. కుర్చీలో కూర్చుని అసలు సంగతి చెప్పారు. కూటంలో బేబీ సాక్ష్యం చెబుతుంది. పై ఆదివారం ఆమెకు బాప్తిస్మం.

"ఆ దూత పేరుమీదేనా బాప్తిస్మం?" అన్నాను.

"ప్రభువు పేరుమీద, జార్జి గారూ. దూత సేవకుడు మాత్రమే."

"ఫ్లోరాకీ ఒక సేవకుడు ఉండాలి కదండీ. ఆ వేళ ఎటెళ్ళాడు?"

"ఆమెను ప్రభువు దగ్గరికి మోసుకెళ్ళడానికి వచ్చి ఉంటాడు."

"మోసుకెళ్ళడానికొచ్చినోడు ఒక్కడుగు వెనక్కి లాగలేడేటి?"

ఆయన తెలియదన్నారు. తెలియదని ఒప్పుకున్నందుకు ఆయన మీద నా కోపం కొంచెం తగ్గింది. తరవాత మళ్ళీ పెరిగింది, ఎందుకంటే ఆయన ఆగలేదు.

"దూతలు కనబడే తీరాలని లేదండీ. ఒక్కోసారి మనుషుల చేతుల్నే వాడుకుంటారు."

"అయితే వాడుకున్న చెయ్యి ఎవరిదో చెప్పమనండి."

ఆయనకు నా మాట అర్థం కాలేదు. నేను విడమరచలేదు. కూటం పెట్టుకోమన్నాను. అందరి ముందే విడమరుద్దామనుకున్నాను.

కూటం రోజు మధ్యాహ్నం నుంచే వంటకు వీధిలో ఆడవాళ్ళు వచ్చారు. మాలో అది ఆచారం. ఆ ఇంటి మనిషి పోయి ఏడాదైన రోజున ఇరుగుపొరుగు ఆడవాళ్ళే వచ్చి పలావు వండుతారు. డైసీ వాళ్ళను తీసుకుని కుర్చీలు సర్దడానికి ముందుగదిలోకి వెళ్ళింది. పెరట్లో బేబీ ఒక్కతే పొయ్యి దగ్గర మిగిలింది. నేను వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"బావగారూ, పొగొస్తంది. ఇటు రాకండి," అంది.

"నిన్ను లాగిన దూత ఏటన్నాడు?"

"ఏటీ అన్నేదండి."

"ఓలమ్మో అన్నేదేటి?"

గరిటె చేతిలోనే ఉంది గానీ కలపడం ఆగిపోయింది. పలావు అడుగంటుతున్న వాసన వచ్చింది. ఆమె గిన్నె దించలేదు. నేనే దించాను.

"తెలుసా నీకు?"

తల ఊపింది.

"ఎప్పట్నించి?"

"ఆ పొద్దే తెలుసు. రోడ్డు మీద పడ్డప్పుడే తెలుసు. అప్ప చెయ్యి నాకు తెల్దేటి? రోజూ నా తల దువ్వే చెయ్యి." పొయ్యి ముందు చతికిలబడింది. "మా అత్త వాకిట్లో నిలబడి, ఒకర్ని మింగి ఒచ్చీసింది అని అరిచింది బావగారూ. మా పిల్లల ముందే. అప్పుడన్నాను, లాగింది అప్ప కాదు, దూత అని. ఆ మాటతో నోరు మూసింది. అప్పుట్నుండి నాకూ అలగే ఉంటే బాగుణ్ణనిపించింది. దూతైతే దండం పెట్టీసి ఊరుకోవచ్చు. అప్పైతే నేనెలగ తింటాను? ఎలగ తొంగుంటాను?"

"ట్రక్కొస్తంటే రోడ్డు మధ్యలో ఏటి చేస్తన్నావ్?"

అడగకుండా ఉండవలసింది కాదు, అడిగి తీరవలసిన ప్రశ్నే. ఆమె పొయ్యిలో కట్టె వెనక్కి లాగి అంది.

"చెప్పు."

"ఏటి చెప్పు?"

"కాలి చెప్పు. కొత్తది. రోడ్డు మధ్యలో ఊడిపోనాది. ఇద్దరం దాటీసాం. నేను దానికోసం ఎనక్కెళ్ళాను. అప్ప వద్దంది."

ఫ్లోరా రోడ్డు దాటేసింది. గట్టు మీద ఉంది. మళ్ళీ రోడ్డు మీదికి దిగింది. చెప్పు కోసం వెళ్ళినదాని కోసం దిగింది. ఏడాదిపాటు నేను అందరికీ చెప్పాలనుకున్న మాట వెనక ఉన్నది ఇది. ఫ్లోరా లాగిందని చెబితే, మరి బేబీ అక్కడెందుకుందని అడుగుతారు. అడగకుండా వదిలే మనుషులు మా క్యాంపులో లేరు. సాయంత్రానికల్లా కుళాయి దగ్గర ఆడవాళ్ళు, జార్జి పెళ్ళాం చెప్పు కోసం చచ్చిపోయిందట అని చెప్పుకుంటారు. ఎవరి చెప్పు అన్నది పది ఇళ్ళు దాటేసరికి తారుమారవుతుంది. నవ్వేవాళ్ళు కూడా ఉంటారు.

"నేనే చెప్పీస్తాను బావగారూ. ఇయ్యాలే చెప్పీస్తాను," అంది.

నేను లోపలికి వచ్చేశాను.

కూటం నిండింది. వీధిలో కూడా కుర్చీలు వేశారు. బంగార్రాజు తల్లిని తీసుకుని వచ్చి గోడ పక్కన కూర్చున్నాడు. ఆ ముసలామె మా ఇంటికి రావడం అదే మొదలు. పాట అయింది, ప్రార్థన అయింది. పాస్టరుగారు బేబీని లేవమన్నారు.

లేచింది. "ఆ వేళ మేం రోడ్డు దాటతన్నాం," అని మొదలుపెట్టింది. ఎప్పుడూ చెప్పే మాటే. "ఎనకనించి ఎవరో," అని ఆగిపోయింది. నావైపు చూసింది. అందరూ ఆమె చూపు వెంట నావైపు తిరిగారు. అత్తగారు మెడ ముందుకు సాచింది.

"ఎవరో కాదండి," అంది బేబీ. "నన్ను లాగింది..."

నేను లేచాను.

"దూతే," అన్నాను. "నేను వెళ్ళి టీ కొట్టతన్ని అడిగొచ్చాను. తెల్లబట్టల మనిషే లాగిందని అతను చెప్పాడు. కూర్చో బేబీ."

స్తోత్రం అన్నారు. పాస్టరుగారు కళ్ళు తుడుచుకున్నారు. పోయినదాని భర్తే సాక్ష్యం పలికాడని అందరికీ సంతోషమైంది. చప్పట్లు మళ్ళీ మోగాయి. ఆ ముసలామె మెడ వెనక్కి తీసుకుంది. ఫ్లోరా పేరు నా చేతులతోనే ఇచ్చేశాను. నా ఇంట్లో, ఆమె ఫొటో ముందు.

దీన్ని క్షమించడం అంటారేమో. కాదు. వాళ్ళ నోళ్ళలో పడేంత తేలికైనది కాదు ఫ్లోరా చావు. నా దగ్గరే ఉంచుకున్నాను, అంతే.

భోజనాలయ్యాయి. పలావు అడుగంటిందని ఎవరూ అనలేదు. గిన్నెలు తోముతూ బేబీ అందరూ వెళ్ళేదాకా ఉంది. తరవాత నా కాళ్ళ దగ్గరికి వంగబోయింది. కాళ్ళు కుర్చీ కిందికి లాక్కున్నాను.

"బాప్తిస్మం పుచ్చుకో. తెల్లచీర కట్టుకో. మా గుమ్మం మాత్రం తొక్కకు."

"బావగారూ..."

"ఆ పిలుపు కూడా వద్దు. ఎల్లు."

వెళ్ళింది. గోడ అవతల వాళ్ళ ఇంటి తలుపు తెరిచిన చప్పుడు, మూసిన చప్పుడు వినిపించాయి. డైసీ నా ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

"డాడీ, నువ్వు నాకు మమ్మీ అని చెప్పావ్. వాళ్ళకి దూత అన్నావ్. సచ్ క్యా హై?"

"మీ ఇంటికెళ్ళు. చీకటడిపోతాది."

"బతావో నా. నేను మమ్మీ కూతుర్ని కదా."

"ఇంకోపాలి అడిగితే నువ్వు కూడా ఈ ఇంటికి రానక్కర్లేదు."

లేచి, బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది. నన్ను నమ్మలేదనుకుంటాను. నాలాంటి మొండిదే, మళ్ళీ అడుగుతుంది. పాస్టరుగారు కూడా ఎప్పుడో ఒకప్పుడు అడుగుతారు. ఎవరు అడిగినా ఒకటే. ఆ రోడ్డు గురించి, ఆ చెయ్యి గురించి నేను ఇంక మాట్లాడను.