ఎడమవైపు అద్దం

కుర్చీలు ఎక్కించడం అయిపోయింది. ఇంక గంజులు మిగిలాయి. దాసయ్య పికప్ వెనక రేకు మీద ఒక మోకాలు ఆనించి, అన్నం వండే పెద్ద గంజును తొడ మీదికి లాక్కుని, అక్కడి నుంచి బండిలోకి నెట్టాడు. ఇనుము మీద గంజు గీసుకున్న చప్పుడు చిక్కడపల్లి సందు చివరిదాకా పోయింది. ఎదురు మేడ మీద ఎవరో కిటికీ మూసుకున్నారు. గంజుల మధ్య గోనెపట్టాలు దోపి, షామియానా మూటలు పైకి విసిరి, తాడు అటూ ఇటూ వేసి బిగించాడు. తరవాత బండి చుట్టూ ఒకసారి తిరిగి ఎడమ తలుపు దగ్గర ఆగాడు.

చొక్కా జేబులోంచి అద్దం దించే హ్యాండిల్ తీశాడు. లోపలి పళ్ళు అరిగిపోయి అది తలుపుకు నిలవదు. కావాల్సినప్పుడు పెట్టి తిప్పుకోవడం, మళ్ళీ జేబులో వేసుకోవడం. తలుపు తెరిచి అద్దాన్ని సగానికి దించాడు. యజమాని ఎక్కితే తప్ప ఆ సీట్లో ఎవరూ కూర్చోరు. కూలీలు వెనక గంజుల మధ్యనే కూర్చుంటారు. ముందర జాగా ఉండగా ఎందుకని మొదట్లో అడిగేవారు. తరవాత మానేశారు.

దాసయ్య పొట్టి మనిషి. యాభై దాటాయి. కుర్చీల కట్టలు మోసీ మోసీ ఎడమ భుజం కొంచెం కిందికి దిగిపోయింది. ఖాకీ చొక్కా కుడి జేబు హ్యాండిల్ బరువుకు సాగి వేలాడుతుంటుంది. పాలమూరు నుంచి మట్టి పనికి వచ్చి, ఈ టెంట్ హౌజ్‌లో మోత మోసి, పాత డ్రైవరు పక్కన కూర్చుని స్టీరింగ్ నేర్చుకున్నాడు. జీవితంలో పెద్దవి అనదగ్గ సంగతులు అంతకు మించి లేవు. పెళ్ళి ఒకటి. మాసమ్మ పోవడం ఒకటి.

మాసమ్మ ఇక్కడే అంట్లు తోమేది. దావత్ అయిపోయాక పందిరి వెనక కూర్చుని, చింతపండూ బూడిదా పెట్టి, తన నడుమంత ఎత్తు గంజుల్లో సగం మనిషి దిగి తోమేది. డీజిల్ వాసన ఆమెకు పడదు. ఎడమ సీట్లో కూర్చుని అద్దం దించుకునేది. ఊడొచ్చిన హ్యాండిల్‌ను దారి పొడుగునా ఒళ్ళో పెట్టుకునేది. తమ ఇంటి తాళంచెవి అన్నంత జాగ్రత్తగా పట్టుకునేది. వాళ్ళకు పిల్లలు లేరు.

ఈ రోజు మధ్యాహ్నం జిప్సీ జీపు వస్తుంది. ఆ మాట నిన్నటి నుంచీ దాసయ్య కడుపులో ఉంది.

టెంట్ హౌజ్ యజమాని బాలకిషన్‌కు రెండు బండ్లు పెట్టే తాహతు లేదు. ఇబ్రహీంపట్నం అవతల కొన్న చెలకకు దారి సరిగా లేదు. పైగా నడుముకు పేజర్ పెట్టుకునే హోదా వచ్చాక పికప్ దిగడం ఆయనకే ఎట్లాగో ఉంటోంది. ఆయన భార్య నళిని మాట ఇంకొకటి. చుట్టాల పెళ్ళికి పికప్‌లో పోతే, దిగేటప్పుడు తనను కూడా కుర్చీలతో పాటు లెక్క రాసుకుంటారని ఆమె అందరి ముందూ అంది. కూలీలు తలలు వంచుకుని నవ్వారు. బాలకిషన్ కూడా నవ్వి, దాసయ్య వైపు తిరిగాడు.

"నడిపేటోనివి నువ్వు. రెండూ నడిపి చూసి నువ్వే చెప్పు దాసయ్య. పికప్ ఉంచుకుందమంటే ఉంచుకుందం. అమ్ముదమంటే అమ్ముదం."

ఆయన అన్న మాట తప్పడు. అదే దాసయ్యకు భయంగా ఉంది.

నారాయణగూడలో లోడు దించి వస్తుంటే కూలీల అడ్డా దగ్గర బావమరిది బాలప్ప చెయ్యెత్తాడు. మాసమ్మ తమ్ముడు. ఆ రోజు పని దొరకలేదు. బండి పక్కకు వచ్చి, ఖాళీ సీటు వైపు చూసి, చెయ్యి కిటికీ మీద వెయ్యబోయి వెనక్కు తీసుకున్నాడు.

"బావ, మల్ల అమాస వస్తున్నది. మా అమ్మ ఊకుంటలేదు. బండి తీస్కొని ఒక్కపారి ఊరికి రా. వాగుల పిలువు. అయిపోతది."

లోడ్లు ఎక్కువున్నాయని దాసయ్య అన్నాడు. పోయినసారి టైర్లు బాగా లేవన్నాడు. అంతకుముందు వానలన్నాడు. బాలప్ప జేబులోంచి బీడీ తీశాడు.

"లోడు గాదు బావ. నీకే ఇడువబుద్ధి అయితలేదు," అని, బీడీ ముట్టించుకుంటూ అడ్డాలోకి నడిచిపోయాడు.

వాళ్ళ వైపు ఒక పద్ధతి ఉంది. శవాన్ని తీసుకుపోయే దారిలో నీళ్ళు అడ్డం వస్తే, ఇంటి మనిషి ఒకరు పోయినవాళ్ళను పేరు పెట్టి పిలిచి, నీళ్ళు దాటుతున్నం, రమ్మని చెప్పాలి. చెప్పకపోతే పోయిన మనిషికి తోవ తెగిపోతుంది. మోసుకొచ్చినదాన్నే పట్టుకుని ఉండిపోతుంది. పాడె అయితే పాడెను, బండి అయితే బండిని.

మాసమ్మను పెద్ద దవాఖాన నుంచి ఈ పికప్‌లోనే తీసుకుపోయారు. వెనక బాలప్ప పేలాలు చల్లుతూ కూర్చున్నాడు. పిల్లలు లేరు కనక పిలవాల్సింది దాసయ్యే. దుందుభి వాగులో నీళ్ళు మోకాలి లోతే ఉన్నాయి కాని, నడిమధ్యలో వెనక చక్రాలు ఇసుకలో దిగిపోయాయి. అందరూ దిగి రాళ్ళు పెట్టారు, కంపలు పెట్టారు. దాసయ్య ప్రాణమంతా క్లచ్ మీద ఉంది. కొంచెం వదిలితే చక్రం ఇంకా తవ్వుకుంటుంది, ఎక్కువ తొక్కి పడితే బండి లాగదు. చివరికి బండి ఒక్క ఊపున గట్టెక్కింది. ఆ ఊపులో అతను హమ్మయ్య అనుకున్నాడు కూడా. దహనం అయ్యాక, చీకటి పడే వేళ, అత్త అడిగింది, వాగులో పిలిచినవా అని. పిలవలేదని అప్పుడు గుర్తొచ్చింది దాసయ్యకు.

తిరిగి వచ్చేటప్పుడు ఒక్కడే వచ్చాడు. అదే వాగు నడుమ ఎడమ తలుపు దానంతట అదే తెరుచుకుంది. దిగి, చుట్టూ తిరిగి వెళ్ళి మూశాడు. బండిలో తడి బూడిద వాసన, చింతపండు వాసన. అప్పటి నుంచి ఆ వాసన ఉంది. కూలీలకు తెలియదు. కడిగితే పోదు. రెండేళ్ళుగా అతను పొద్దున్నే అద్దం దించుతాడు, రాత్రి ఎక్కిస్తాడు. మలుపు దగ్గర మలుపనీ, గుంత దగ్గర గుంతనీ మెల్లగా చెబుతాడు. నీళ్ళ దగ్గర మాత్రం ఏమీ చెప్పడు. అశోక్‌నగర్ నాలా వంతెన వస్తే పళ్ళు బిగబట్టుకుని దాటిస్తాడు.

మొదట్లో అది మరచిపోవడమే. ఆ తరవాత మరపు కాదు.

జిప్సీని బ్రోకరు తెచ్చి టెంట్ హౌజ్ ముందు ఆపాడు. తెల్ల బండి, నల్ల గుడ్డ కప్పు. చక్రాలు ఎత్తు, ముక్కు పొట్టి. పికప్ పక్కన నిలబెడితే, ఎడ్ల బండి పక్కన గుర్రాన్ని కట్టినట్టుంది. పికప్ ముందు రేకు మీద సొట్టలు, ఒక లైటు చుట్టూ తుప్పు. నళిని గేటు దగ్గరికి వచ్చి, రెండింటినీ చూసి, నవ్వుతూ లోపలికి పోయింది.

దాసయ్య ఎక్కి కూర్చున్నాడు. స్టీరింగ్ తేలిక. గేరు కర్ర వెతుక్కునే పని లేదు. ఎత్తు మీద కూర్చోవడంతో రోడ్డు దూరందాకా కనిపిస్తోంది. ఇంజన్ చప్పుడు ఎంత తక్కువంటే, సందులో పంపు కింద బిందె నిండడం వినపడింది. వెనక్కు తిరిగి చూస్తే జాగా లేదు. రెండు గంజులు పెడితే మూడోది ఒళ్ళో పెట్టుకోవాలి. ఎడమ తలుపుకు అద్దం లేదు. మైకాలాంటి పరదా, దానికి ఒక జిప్పు. హ్యాండిల్ పెట్టే చోటే లేదు. బాలకిషన్ వచ్చి ఆ సీట్లో నిండుగా కూర్చున్నాడు.

అశోక్‌నగర్‌లో ఒక సందు నిండా ఇసుక పోసి ఉంది. పాత ఇల్లు పడగొట్టి అపార్టుమెంట్ కడుతున్నారు. దాసయ్య బండి ఆపాడు. వెనక నుంచి బ్రోకరు వంగి, గేరు పక్కనున్న చిన్న రాడ్డును లాగి చూపించాడు. నాలుగు చక్రాలూ లాగుతాయన్నాడు.

"ఎక్కియ్," అన్నాడు బాలకిషన్.

ఇసుక కనపడగానే దాసయ్య ఒళ్ళు బిగుసుకుంది. కాలు క్లచ్ మీదికి పోయింది. అవసరం పడలేదు. బండి ముక్కు పైకెత్తి, మెల్లగా, ఎవరో కిందనుంచి చేతులు పెట్టి మోస్తున్నట్టు ఇసుక మీదికి ఎక్కి, అవతలికి దిగింది. బాలకిషన్ తొడ చరుచుకున్నాడు. దాసయ్య వేరే సంగతి గమనించాడు. ఇసుక మీద ఉన్నంతసేపూ తన నోరు ఖాళీగానే ఉంది. ఒక పేరు పిలవడానికి చాలినంత సేపు.

అవతల బండి ఆపి, చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

చిక్కడపల్లి ఇరానీ హోటల్లో చాయ్ వచ్చింది. బాలకిషన్ సాసర్‌లో పోసుకుని, ఎదురుచూస్తున్నాడు. ఏం చెప్పాలో దాసయ్య పొద్దుటి నుంచీ కూడబెట్టుకుని ఉన్నాడు. ఒక్కొక్కటే చెప్పాడు. జిప్సీ పెట్రోలు తాగుతుందన్నాడు. గంజులు పట్టవన్నాడు. వానకు గుడ్డ కప్పు కారుతుందన్నాడు. పికప్ మొండిది, ఎంత వేసినా మోస్తుంది, ఎక్కడ చెడినా ఎవరైనా బాగు చేస్తారన్నాడు. ఒక్కటీ అబద్ధం కాదు. ఇంకొక్క మాట, వద్దు సేట్ అంటే చాలు, పికప్ ఉంటుంది. అది ఉంటే మాసమ్మ ఉంటుంది.

"ఇవన్నీ నాకెరుకనే. లోడ్లకు ట్రాలీ ఆటో కిరాయికి తీస్కుందం," అన్నాడు బాలకిషన్. "నీ మనసుల ఏమున్నది, గది చెప్పు."

దాసయ్య మీగడ కట్టిన చాయ్ కప్పును తన వైపు లాక్కున్నాడు. మీగడ ముడతలు పడి ఒక పక్కకు జరిగింది.

"ఇసుకల ఆగది సేట్," అన్నాడు. "దిగవడ్తదేమోనని చూస్కునుడు ఉండది. మనిషి తన పని తను చేస్కోవచ్చు."

ఆ మాట బాలకిషన్‌కు సగమే అర్థమైంది. ఆ సగం చాలింది. పికప్‌ను ఎప్పటినుంచో అడుగుతున్న లక్ష్మయ్యకు ఫోన్ చెయ్యడానికి లేచాడు. లోయర్ ట్యాంక్ బండ్ దగ్గర కూరగాయల వ్యాపారం ఆయనది. పొద్దూకేలోపు బండి కావాలి, రాత్రికే భువనగిరి పోయి టమాటలు ఎత్తాలి అన్నాడట. దాసయ్య, ఊరికి ఒక్కసారి పోయొస్తానని అడిగాడు. బాలకిషన్ నొచ్చుకున్నాడు. మాట ఇచ్చేసిన, వచ్చే నెల జిప్సీలో పోదువుగాని అన్నాడు.

వచ్చే నెల జిప్సీలో పోతే ఎవరిని పిలవాలి?

దాసయ్య బండి కడిగాడు. దేవుడి పటం తీసి నళినికి ఇచ్చాడు. సీటు కింద మాసమ్మ వాడిన కొబ్బరి పీచు ముద్ద దొరికింది. అంట్లు తోమేది. అక్కడే పెట్టాడు. నళిని ఒక నిమ్మకాయ తెచ్చి, మన చేతిలో ఉన్నన్నాళ్ళు మంచిగనే ఉన్నది పాపం అని చక్రం ముందు పెట్టింది. నిమ్మకాయ చితికింది. బండి సందు దాటింది.

లోయర్ ట్యాంక్ బండ్‌కు ఇందిరా పార్కు మీదుగా పోతే దగ్గర. అతను అటు పోలేదు. నాలా వైపు తిప్పాడు. ఆ వంతెన మీద మాసమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఇవి గూడ నీళ్ళేనా అని ఎక్కిరించేది. ఈ నాలా మూసీలో పడుతుంది, మూసీ పోయి కృష్ణలో కలుస్తుందని ఒకసారి బండెక్కిన ముసలాయన ఎవరో చెప్పాడు. దుందుభి కూడా పోయేది కృష్ణకే. ఆమెకు నడక అలవాటే.

వంతెన నడుమ బండి ఆపాడు. హ్యాండిల్ పెట్టి, ఎడమ అద్దాన్ని పూర్తిగా కిందికి దించాడు. కంపు, దాని వెనక చల్లగాలి లోపలికి వచ్చాయి. నీళ్ళు నల్లగా, తొందరగా పోతున్నాయి.

"మాసమ్మా," అన్నాడు. కిటికీ వైపు వంగాడు. మళ్ళీ అన్నాడు. "నీళ్ళొచ్చినయి. నేను ఆనాడే చెప్పకపోతి. దిగు. ఎంబడే పో, మన వాగు వస్తది."

తలుపు తెరుచుకోలేదు. సీటు స్ప్రింగు కదల్లేదు. వెనక ఒక బస్సు హారను కొట్టింది, ఇంకో రెండు కొట్టాయి. ఎవరో తిట్టారు. దాసయ్య గేరు వేశాడు. వంతెన దిగాక మలుపు వచ్చింది. మలుపని చెప్పడానికి నోరు తెరిచి, ఊపిరి పీల్చాడు. డీజిల్ వాసన. వట్టి డీజిల్ వాసన.

లక్ష్మయ్య టార్చి వేసి బండి కిందా మీదా చూశాడు. మంచిగ చూస్కున్నవ్, కాకా అన్నాడు. ఒక ఖాళీ బుట్టల కట్టను ఎడమ సీటు మీద పడేసి, తాళాలు తీసుకుని, ఎక్కి వెళ్ళిపోయాడు. వెనక ఎర్ర లైటు ఒకటే వెలుగుతోంది. అది గుంపులో కలిసేదాకా దాసయ్య నిలబడ్డాడు.

నడిచి టెంట్ హౌజ్‌కు వచ్చేసరికి జిప్సీకి బంతిపూల దండ వేసి ఉంది. లోపల పెట్టమని బాలకిషన్ మేడ మీది నుంచి చెప్పాడు. దాసయ్య ఎక్కి కూర్చుని తాళం తిప్పాడు. పక్క సీటుకు ఇంకా ప్లాస్టిక్ కవరు తీయలేదు. అలవాటుగా చెయ్యి జేబులోకి పోయింది. హ్యాండిల్ అక్కడే ఉంది. ఇవ్వడం మరిచిపోయాడు. భువనగిరి దారంతా ఆ అద్దం దిగే ఉంటుంది.

దాన్ని తీసి ఎడమ సీటు మీద పెట్టి, బండిని లోపలికి నడిపి, ఇంజన్ ఆపి, దిగాడు. చీకట్లో ప్లాస్టిక్ కవరు మీద ఆ హ్యాండిల్, దాని చివరనున్న నల్లటి గుండు, ఎవరో వేళ్ళతో తిప్పుతున్నట్టు, ఇంకా మెల్లగా తిరుగుతూ ఉంది.