కడిగిన గొట్టం

నా చేతులు ఊరికే ఉండవు, అదే నా రోగం.

జపాన్‌లోని సుకుబాలో మా కంపెనీ మొత్తం పదకొండు మంది. కంప్యూటర్ చిప్పుల కోసం కార్బన్ నానోట్యూబులు పెంచుతాం. వెంట్రుకలో వెయ్యో వంతు కూడా ఉండని నల్లటి పోగులు అవి, కొలిమిలో పలక మీద గడ్డిలా మొలుస్తాయి. మా అందరి కొలిముల్లో అరకొరగా మొలిచేవి. మాలో అందరికంటే పెద్దవారైన తోబిషిమా గారు చూసుకునే రెండో కొలిమిలో మాత్రం నిటారుగా, ఒత్తుగా లేచేవి. ఎందుకో ఆయనకే తెలీదు.

డిసెంబరులో ఆయన ఆసుపత్రిలో చేరారు. వెళ్తూ వెళ్తూ, "కొలిమి నీకప్పగిస్తున్నానమ్మాయ్, జాగ్రత్తగా చూసుకో" అన్నారు.

ఏడాది చివర్లో ఇల్లైనా ఆఫీసైనా మూలమూలలా కడిగి తీరాల్సిందే, అది మాకు పుట్టుకతో వచ్చిన పిచ్చి. ఆయన తిరిగొచ్చేసరికి తళతళలాడాలని నేను రెండో కొలిమిలో పలకలు పెట్టే గాజు గొట్టం ఊడదీసి, ఇరవై ఏళ్ళ మసిని యాసిడ్‌తో కడిగేశాను. ఎంత మురిసిపోయానో!

జనవరిలో ఒక్క పోగు మొలవలేదు. ముప్పై సార్లు ప్రయత్నించాను. వాటిని మొలిపించిందేదో ఆ మసిలోనే ఉండేదని అప్పుడర్థమైంది. మా నమూనా కోసం కాచుకున్న పెద్ద కంపెనీ విసిగి వేరేవాళ్ళ దగ్గరకు పోయింది.

ఆసుపత్రికి వెళ్ళి ఆయన మంచం పక్కన నిలబడ్డాను.

"ఈసారి ఎంత ఎత్తు లేచాయమ్మాయ్?"

"లేవలేదండీ. నేను గొట్టం కడిగేశాను."

ఆయన మొహం కిటికీ వైపు తిప్పుకున్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

"ఎవరితోనైనా అన్నావా?"

"ఇంకా లేదండీ."

"అనకు. పిచ్చిదానా, నువ్వింకా ముప్పై ఏళ్ళు పనిచేసుకోవాలి."

మర్నాడు, రోజూ పొద్దున జరిగే మీటింగులో అందరం నిలబడి ఉండగా మా ప్రెసిడెంటు హిరాబయాషి గారు మొహం మాడ్చుకుని వచ్చారు.

"గొట్టం కడగమన్నది తోబిషిమాయేనట. ఇప్పుడే ఫోన్ చేసి ఒప్పుకున్నాడు. పోతూ పోతూ మన నోట్లో మట్టి కొట్టాడు."

"ముసలాయనకు మతి పోయినట్టుంది" అన్నారెవరో. నేను తల దించుకుని కొలిమి దగ్గరకు వెళ్ళిపోయాను. పిరికిదాన్ని.

ఫిబ్రవరిలో ఆయన పోయారు. అంత్యక్రియలకు కంపెనీ నుంచి నేనొక్కదాన్నే వెళ్ళాను. నల్ల కిమోనోలో ఆయన భార్య నాకెదురొచ్చి, నడుము వంచి తల దించింది.

"మా ఆయన వల్ల మీ అందరికీ చాలా నష్టం జరిగిందటమ్మా. ఆయన తరఫున నేను అడుగుతున్నాను, మన్నించండి."

నేనూ వంగాను, ఆమెకంటే కిందికి. ఆమె లోపలికి వెళ్ళేదాకా తలెత్తలేదు. అప్పుడు కూడా చెప్పలేదు.