మూడు గ్లాసుల కాఫీ, ఒక మట్టిపెళ్ళ

మూడు ముంతల కల్లు తాగినా గీసిన గీత మీద నడవగలనని పోచయ్యకు గర్వం. ఆ గర్వం ఒట్టిది కాదు, కొత్తగూడ ఊరంతా చూసిందే. అలాంటి మనిషిని కాఫీ పడగొట్టింది.

డెబ్భై రెండో సంవత్సరం, చలి ఇంకా విడవని మాఘమాసం. భూములు కొలవడానికి వచ్చిన సర్వేయరు నరసింహమూర్తి తెనాలి వైపు మనిషి. ఊళ్ళో ఒక గది కిరాయికి తీసుకుని, భార్య పుణ్యవతితో కాపురం పెట్టాడు. ఆయన గొలుసు పట్టుకుని ఊరంతా సాఫీగా కొలిచాడు గానీ పోచయ్య చెలక దగ్గర ఆగిపోయాడు. పోచయ్యకూ, వరసకు బావమరిదయ్యే వీరేశానికీ మధ్య హద్దురాళ్ళు ఎప్పుడో మాయమయ్యాయి. పాత నక్షాను చెదలు తిన్నాయి. తగాదా అంతా బావి గురించి. తవ్వించింది పోచయ్య తండ్రి. హద్దు బావికి ఇవతలే పోతుందని వీరేశం వాదన. బావి పోతే పోచయ్యకున్న ఒక్క ఎకరం వరి ఎండినట్టే.

"ఇద్దరూ ఒప్పుకున్న గీత గీస్తాను. ఒప్పుకోకపోతే కోర్టు ఉండనే ఉంది," అన్నాడు నరసింహమూర్తి.

కోర్టు పేరు వినగానే ఇద్దరూ ఊరి పెద్దమనిషి బాలనర్సయ్య వైపు తిరిగారు. ఆయన తాతలనాటి దారే చెప్పాడు. తడిబట్టలతో, ఆ భూమి మట్టిపెళ్ళను నెత్తిన పెట్టుకుని, హద్దు ఇదీ అని నడిచి చూపించాలి. భూమాత నెత్తి మీద ఉండగా ఎవడూ తప్పు అడుగు వేయడు.

"ఉరుకొద్దు. కూసోవద్దు. కాలు ఆపొద్దు. నోరు తెర్వొద్దు," అన్నాడు బాలనర్సయ్య. "మన్ను యాడ దించితే నీ హద్దు ఆడికే. పొద్దటిసంది మెతుకు ముట్టొద్దు. నీళ్ళు తాగొచ్చు."

బావి తవ్వించినవాడి కొడుకు కాబట్టి మోయడం పోచయ్య వంతయింది. తెల్లారగానే ఆకలి తెలియకుండా చెంబెడు నీళ్ళు తాగి, సర్వేయరు ఎటునుంచి మొదలుపెడతాడో అడుగుదామని వాళ్ళ గదికి వెళ్ళాడు. తప్పు అక్కడే జరిగింది.

పుణ్యవతి ఇత్తడి ఫిల్టరు ముందు కూర్చుని ఉంది. "ఖాళీ కడుపుతో అంత దూరం ఎలా నడుస్తారు పోచయ్యగారూ? ఓ గుక్క కాఫీ తాగండి."

"ఇయ్యాల ఏం ముట్టద్దమ్మా."

"మెతుకు ముట్టకూడదన్నారు. కాఫీ మెతుకు కాదుగా. మా ఇంట్లో ఏకాదశికి కూడా కాఫీకి దోషం లేదండి."

శాస్త్రం తెలిసిన ఇల్లాలు చెప్పింది గదా అని పోచయ్య తాగాడు. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. మొదటి గ్లాసు మర్యాదకు తాగాడు. రెండోది రుచికి. మూడోది ఎందుకు తాగాడో ఆయనకే తెలియదు. ఎదురుగా నరసింహమూర్తి నాలుగు పుచ్చుకుని, తొణక్కుండా బెణక్కుండా పంచె సర్దుకుని లేచాడు.

హద్దు మొదలయ్యే తుమ్మచెట్టు కింద నీళ్ళు గుమ్మరించుకుని, తడి ధోవతితో, మట్టిపెళ్ళ నెత్తిన పెట్టుకుని పోచయ్య బయలుదేరాడు. గుండె డప్పులా కొట్టుకుంటోంది. భయమనుకున్నాడు. చేతులు వణుకుతున్నాయి. చలి అనుకున్నాడు. వంద గజాలు నడిచాక పొత్తికడుపు సంగతి తెలిసింది. దాన్ని మాత్రం ఇంకోటి అనుకోవడానికి వీల్లేకపోయింది.

వెనక ఊరంతా వస్తోంది. పక్కనే చంద్రమ్మ, మొగుడి అడుగు మీదే చూపు పెట్టి. అరమైలు నడక. అడుగడుగునా గొలుసు పరిచి మేకు దిగ్గొడుతున్న నరసింహమూర్తి, "కాస్త నెమ్మదిగా నడవవయ్యా, పోచయ్యా," అంటున్నాడు.

నిలబడడానికి లేదు. ముందుకు పోవడానికి లేదు. పోచయ్య ఉన్నచోటనే అడుగులు వేయసాగాడు. కుడికాలు, ఎడమకాలు, మళ్ళీ కుడికాలు. మోకాళ్ళు ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. ఒక్క నిమిషం పాడుబుద్ధి కూడా పుట్టింది: ధోవతి ఎట్లాగూ తడిసే ఉంది, ఎవరికి తెలుస్తుంది? కానీ నెత్తి మీద భూమాత, పక్కన చంద్రమ్మ. ఇద్దరిలో ఒకరికైనా తెలుస్తుంది.

పళ్ళు బిగించి, కళ్ళు పైకి తేలేసి, పోచయ్య సన్నగా మూలిగాడు.

వెనక గుంపులో గుసగుస లేచింది. "శిగమొచ్చింది పోచయ్యకు."

"అమ్మవారు పూనింది. కండ్లు చూడుండ్రి."

బాలనర్సయ్య చేతులు జోడించాడు. ఆయన్ను చూసి అందరూ జోడించారు. పుణ్యాత్మురాలొకతె పసుపునీళ్ళు తెచ్చి పోచయ్య కాళ్ళ మీద సన్నని ధారగా పోసింది. ఆ చప్పుడు విని పోచయ్య పడ్డ బాధ పగవాడికి కూడా వద్దు.

బావి దగ్గరికి వచ్చేసరికి అసలు పరీక్ష ఎదురైంది. తగాదా తేలేదాకా ఇద్దరూ రోజు విడిచి రోజు నీళ్ళు తోడుకుంటున్నారు; ఆ రోజు వంతు వీరేశానిది. ఎడ్లు మోట లాగుతున్నాయి. తోలుసంచి పైకి వచ్చినప్పుడల్లా నీళ్ళు భళ్ళున కాలవలో పడుతున్నాయి. బావికి ఇవతలి నుంచి పోతే పది అడుగులు. అవతలి నుంచి చుట్టి వస్తే యాభై. కాళ్ళు ఇవతలికే లాగాయి. నాయిన గడ్డపార పట్టి రాయి పగలగొట్టిన రోజులు గుర్తొచ్చి, పోచయ్య అవతలికి తిరిగాడు. భళ్ళుమన్నప్పుడల్లా ఒక ఎగురు ఎగురుతూ, మూలుగుతూ చుట్టు తిరిగాడు.

అడ్డం పడదామని కాచుకున్న వీరేశం ఆ వాలకం చూసి రెండడుగులు వెనక్కి జరిగాడు. మనిషితో అయితే తగాదా పెట్టుకోవచ్చు, పూనిన అమ్మవారితో ఎవడు పెట్టుకుంటాడు?

బావి పోచయ్య హద్దు లోపలికి వచ్చింది. ఇంకా రెండొందల గజాలు నడిస్తే ముందున్న రెండెకరాల బండలూ పోచయ్యవే. తాతల నాటి నుంచి ఆ బండలు పోచయ్య వాళ్ళవే. పోచయ్య బండల వైపు చూశాడు. వాటి వెనక చాటు ఎంత చక్కగా ఉందో కూడా చూశాడు. మట్టిపెళ్ళను అక్కడే దించి, పంచె ఎగ్గట్టి పరుగు తీశాడు.

చాలాసేపటికి తిరిగొచ్చాడు. ముఖం ప్రశాంతంగా ఉంది.

"మన్ను దించిన కాడికే నీది," అన్నాడు బాలనర్సయ్య. "బావి నీది. బండలు వీరేశానివి."

"తొండలు గుడ్లు పెట్టని బండలు నా మొఖాన కొట్టిండు," అని వీరేశం మూతి ముడిచాడు. అయినా వేలిముద్ర వేశాడు.

ఇంటికొచ్చాక చంద్రమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. "శిగమేంది, నాకెరుక లేదా? పెండ్లయి పదిహేనేండ్లాయె. రెండెకరాలు ఒంటికి పోయినవు గద."

సాయంత్రం నక్షా పట్టుకొచ్చిన నరసింహమూర్తిని పోచయ్య నిలదీశాడు. "నువ్వు నాలుగు తాగితివి సారు. నీకేం కాలె. నా మూడింటికి ఏమొచ్చింది?"

"నాకు పాతికేళ్ళ అలవాటయ్యా. ఒళ్ళు మొద్దుబారిపోయింది. నీది కొత్త ఒళ్ళు. కాఫీ పడగానే గుండె దడ, చేతుల వణుకు, పైగా నీళ్ళన్నీ కిందికి తోసేసింది. చెంబెడు నీళ్ళూ, తడిబట్టలూ, చలీ దానికి తోడు. అందరి ఒళ్ళూ ఒకటి కాదు."

"గంతే సారు," అంది చంద్రమ్మ. "వాన ఒకటే. చెలక మీద పడితే ఇంకుతది, బండ మీద పడితే పారుతది."

కాఫీకి బదులన్నట్టు పోచయ్య ఒక ముంత కల్లు ముందు పెట్టాడు. ఒక్క ముంతకేం అవుతుందని, మర్యాదకు, నరసింహమూర్తి పుచ్చుకున్నాడు. కాసేపటికి కొత్త నక్షా మీదే తల వాల్చి, వీరేశం బండల మీద చెంప ఆనించి గురక పెట్టాడు. పోచయ్య ఆయన్ను భుజాన వేసుకుని గది దాకా దింపివచ్చాడు, గీసిన గీత మీద నడిచినట్టు.

వారం తర్వాత నక్షా నకలు కోసం వెళితే పుణ్యవతి మళ్ళీ గ్లాసు అందించింది. పోచయ్య చేయి చాపి, సగంలో ఆపాడు.

"తాగుతనమ్మా. ఇయ్యాల యాడికన్న నడిచేది ఉన్నదో లేదో, ముందు సారును అడిగి చెప్పు."