పంచదారకు లొంగని వణుకు

మార్కాపురంలో స్టీలు సామాన్ల దుకాణం నడిపే నాగేశ్వర్లు భార్య రాజ్యలక్ష్మికి ఆరేళ్లుగా షుగరు. మాత్ర వేసుకుంటూనే ఉంది, ఒళ్లు మాత్రం తగ్గలేదు. ఒంగోలు నుంచి వచ్చిన చెల్లెలు సావిత్రమ్మ ఇంకో మాత్రల అట్ట చేతిలో పెట్టింది. "అన్నం తిన్నా ఒంటికి పట్టనీయదక్కా. నెలలో నాలుగు కిలోలు తగ్గినా" అంది. మొగుడికి తెలిస్తే వద్దంటాడని రాజ్యలక్ష్మి చీరల కింద దాచుకుంది.

వారం తిరిగేసరికి కడుపులో ఒకటే గుడగుడ, గాలి. దుకాణంలో నలుగురి ముందు కూర్చోలేక లోపలికీ బయటికీ తిరిగేది. అయినా మానలేదు. జాకెట్టు వదులైనట్టే ఉంది మరి.

ఆ ఆదివారం గిద్దలూరులో బంధువుల గృహప్రవేశానికి బస్సెక్కినారు. విందులో ఎటూ తింటాం కదా అని పొద్దున రెండు మాత్రలూ మింగి ఒక్క ఇడ్లీతో సరిపెట్టింది. కంభం దాటినాక చెమటలు పోసినాయి. కిటికీ తీసింది, మూసింది. లేచింది, కూర్చుంది.

"ఏంది రాజ్యం, అట్ల చేస్తుండావు?"

"నన్ను దించండి. ఈడనే దించండి."

షుగరు పడిపోయిందని నాగేశ్వర్లు గ్రహించినాడు. ముందు సీటామెను అడిగి పంచదార నీళ్లు తాగించినాడు. పావుగంటైనా వణుకు తగ్గలేదు. రెండో మాత్ర సంగతి చెప్పాలనుకుంది గానీ రాజ్యలక్ష్మికి నాలుక తిరగలేదు.

వెనక సీట్లో తేనె సీసాల బుట్టతో కూర్చున్న చెంచు ముసలామె ముత్యాలమ్మ లేచి వచ్చింది. "జరుగు సావుకారూ. కొంచెం కొంచెం చప్పరించమ్మా" అని వేలితో తేనె నాకించింది. గిద్దలూరు చేరేసరికి రాజ్యలక్ష్మి చూపు కుదుటపడింది.

ఆసుపత్రిలో డాక్టరు ఇంకేం మాత్రలు వాడుతున్నారని అడిగితే, విందులో వేసుకుందామని తెచ్చుకున్న చెల్లెలి అట్టను సంచిలోంచి తీసిచ్చింది.

"ఇది పేగుల్లో పంచదారను విడగొట్టనీయదమ్మా. తేనెలో అది ముందే విడిపోయి ఉంటుంది, అందుకే పనిచేసింది. షుగరు మాత్రతో కలిపి ఇట్ల సొంతంగా వాడితే ప్రాణం మీదికొస్తుంది."

డాక్టరు పోయినాక నాగేశ్వర్లు మెల్లగా అడిగినాడు. "నాకొక మాట చెప్పగూడదా?"

"చెప్తే నవ్వుతారని."

"నేనెప్పుడు నవ్వినా?"

"పోయిన పెళ్లిలో. కుర్చీ విరుగుతుందని మీ అన్నదమ్ముల ముందర."

ఆయన బయటికి పోయి, వరండాలో రెండుసార్లు తిరిగి, మళ్లీ వచ్చి మంచం అంచున కూర్చున్నాడు.

"తప్పే" అన్నాడు.

ఆమె ఆయన వంక చూడలేదు. కానీ ఆయన సర్దుకుని కూర్చోవడానికి కాళ్లు కొంచెం ముడుచుకుంది.