తెల్ల రంగు వేసిన జీపు

మంచిపని చేసేవాళ్లకు లేనిపోని భయాలెందుకో గానీ, ఆడిటర్ వస్తున్నాడంటే చాలు, సునీత గుండెల్లో రాయి పడేది. సరిహద్దు అడవుల్లోని ఆవపల్లిలో ఆమె నడిపే సంస్థ చిన్నది. ఒక జీపు, దాన్ని నడిపే జోగ, ఒక మందుల పెట్టె. లోపలి పల్లెల్లో నొప్పులొచ్చిన ఆడవాళ్లను ఆసుపత్రికి చేర్చడం వాళ్ల పని.

జీపు కొనిపెట్టింది విత్తనాల కొట్టు భూషణం. ఏటా డీజిలుకూ ఆయనే ఇస్తాడు. మనిషికి నోరూ పెద్దదే, చెయ్యీ పెద్దదే. జీపుకు రెండు వైపులా తన కొట్టు గుర్తు, ఎర్ర ఎద్దు బొమ్మ, నిలువెత్తున వేయించాడు. దాని కింద ఫోన్ నంబరు, ‘మేలైన విత్తనాలు, తక్కువ ధర, నేడే రండి’ అని హిందీలోనూ తెలుగులోనూ రాతలు. ఆ అడవిలో రాతలు చదివేదెవరు? అందరూ ఎద్దునే చూశారు. ఎద్దు జీపని పేరు పడిపోయింది. మామూలుగా అక్కడ తెల్ల జీపు ఏదొచ్చినా జనం అడవిలోకి పరుగు తీస్తారు, పోలీసులదేమో, ఎవరిని ఎక్కించుకుపోతుందో ఏమోనని. ఎద్దు జీపుకు మాత్రం పిల్లాజెల్లా ఎదురొచ్చేవారు.

ఈ ఏడాది ఆడిటర్ రాంప్రసాద్ వచ్చినప్పుడు లెక్కల కంటే ముందు జీపునే చూశాడు.

“సునీతగారూ, భూషణంగారిచ్చింది విరాళమని రాశారు. ఇది చూస్తే అట్లా లేదు.”

“అదేందండీ! ఆయన ధర్మానికే ఇచ్చిండు కదా?”

“ఫలానావారి సహకారంతో అని పేరు రాస్తే ఆయన స్పాన్సరు. కృతజ్ఞత చెప్పుకున్నట్టు. దానికి పన్ను గొడవ లేదు. ధర తక్కువ, మా కొట్టుకు రండి అని రాస్తే మాత్రం అది ప్రకటన. జీపును మీరు ఆయనకు ప్రకటనల బోర్డుగా ఇచ్చినట్టు లెక్క. ఆ డబ్బు వ్యాపారం కిందికి పోతుంది, జీఎస్టీ కూడా అడుగుతారు.”

“మరి ఎద్దు?”

“ఉంటే ఉండనివ్వండి. ఎవరైనా అడిగితే నేను జవాబు చెప్పుకుంటాను. ఆ రాతలు, నంబరు తీసేయండి, చాలు.”

చాలన్నాడు! అంతవరకే చేసి ఊరుకుంటే ఎంత బాగుండేది. కానీ ‘ఎవరైనా అడిగితే’ అన్న మాట ఆమె చెవిలో జోరీగలా తిరిగింది. అడిగితే ఏం కాను? సంస్థకు రిజిస్ట్రేషన్ పోతే జీపేం కాను? మర్నాడే పెయింటర్‌ను పిలిపించి, ఎద్దుతో సహా మొత్తం తెల్లగా కొట్టించేసింది. వెనక తలుపు మీద మాత్రం ‘భూషణంగారి సహకారంతో’ అని చిన్న అక్షరాలు రాయించింది.

“నా ఎద్దు ఏం పాపం చేసిందమ్మా?” అని భూషణం చిన్నబుచ్చుకున్నాడు. అంతకుమించి ఆయనకూ ఏమీ తట్టలేదు. జోగకూ తట్టలేదు. సునీతకైతే ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది కూడా.

వారం తిరక్కముందే పామేడు వైపు నుంచి ఆరోగ్య కార్యకర్త లలిత ఫోను చేసింది. సిగ్నలు కోసం గుట్టెక్కినట్టుంది, రొప్పుతోంది.

“అక్కా, గంగేకు పొద్దుగాల నుంచి నొప్పులు. రక్తం పోతంది. తొందరగా రా. నేను దిగి ఊరు చేరేసరికి మధ్యాహ్నమైతది. నువ్వొస్తవని దాని మొగుడికి చెప్పే వచ్చిన.”

సునీతను ఎక్కించుకుని జోగ జీపును ఎగరేసుకుంటూ తీసుకెళ్లాడు. తీరా వెళితే ఊళ్లో నరపురుగు లేదు. పొయ్యి మీద జావ ఉడుకుతోంది, గంగే ఇంటి ముందు మంచం లేదు. జోగ గంగే మొగుడి పేరు పెట్టి, “ఆయతూ! ఓ ఆయతూ!” అని అడవి వైపు గొంతు చించుకున్నాడు. పలికినవాడు లేడు.

“మంచం మీద మోసుకుంట ఏటి దారిన మనకెదురు పోయిండ్రేమో అక్కా,” అన్నాడు.

ఈ ప్రాంతంలో అలా మోసుకొస్తారు మరి. ఏటి దారి పట్టారు. ఏరు దాకా వెతికారు. మనిషి జాడ లేదు. తిరిగొస్తుంటే ఊరికి కాస్త ఇవతల చక్రం ఇసుకలో దిగబడింది. దాన్ని లాగే పని జోగకు వదిలి సునీత కాలినడకన పరుగెత్తింది.

ఊళ్లో మంచం ఉంది. మంచం మీద గంగే ఉంది. ముఖం మీద చీర కప్పారు. లలిత నేల మీద చతికిలబడి ఏడుస్తోంది. పక్కన అత్త చేతుల్లో పసిగుడ్డు, నీలంగా, ఏడవడానికి కూడా ఓపిక లేకుండా ఉంది. అయ్యో భగవంతుడా, ఇంకాస్త ముందు దొరికినా ఆ తల్లి బతికేదేమో.

ఆయతు సునీతను చూడటం అదే మొదటిసారి. లలిత ఏడుస్తూ ‘అక్కా’ అనడంతో పోల్చుకున్నాడు. కోపంగా కూడా అడగలేదు పాపం.

“ఇంత ఆలస్యం చేసినవేందక్కా? పొద్దున తెల్ల జీపొకటొచ్చింది. గట్టు మీద కనబడంగనే అందరం అడవిల దాగినం. ఎవడో నా పేరు పెట్టి పిలిచిండు, ఇంకా భయమైంది. నొప్పులకు గంగే అరవబోతే నేనే నోరు మూసిపట్టిన. అరవకే, ఓపిక పట్టు, ఆ జీపు పోనీ, ఎనక మన ఎద్దు జీపొస్తదని చెప్పిన.”

బిడ్డను చూసిన లలిత లేచి, “ఏడుపు తర్వాత, ముందు దీన్ని ఆసుపత్రికి చేర్చాలె,” అంది. ఆయతు బిడ్డను తన తల్లి చేతుల్లోంచి తీసుకుని గుడ్డలో చుట్టి పొదువుకున్నాడు.

“జీపెక్కడ పెట్టినవక్కా?”

సునీత ముందు నడిచింది. మలుపు తిరగగానే, ఇసుకలోంచి బయటపడ్డ జీపు తెల్లగా నిలబడి ఉంది. ఆయతు చటుక్కున ఆగాడు. బిడ్డను గుండెకు అదుముకుని వెనక్కు వెనక్కు జరిగాడు.

“భయపడకు తమ్ముడూ,” అంది సునీత, ఏడుస్తూ. “అది మనదే. పొద్దున వచ్చింది కూడా మేమే.”