ఒడనీస్ ఇచ్చిన కవరు

హైతీవాళ్ళను అమెరికా నుంచి తిప్పి పంపకుండా ఇచ్చిన తాత్కాలిక రక్షణను మరో పద్దెనిమిది నెలలు పొడిగించారని తెలిసిన ఆదివారం, బ్రాక్టన్‌లోని మా చర్చి పెళ్ళివారి ఇల్లులా ఉంది. ఆ పొడిగింపు దానంతటది రాదు. అరవై రోజుల్లో మళ్ళీ పేరు నమోదు చేసుకోవాలి. నాకు ఇంగ్లీషు బాగా వచ్చు కనుక మావాళ్ళ ఫారాలన్నీ నేనే నింపేదాన్ని.

ఒడనీస్, నేను ఒకే వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళకు స్నానాలు చేయించే పనిలో ఉన్నాం. ఆమె కూతురికి జ్ఞానస్నానం చేయించినప్పుడు జ్ఞానతల్లిగా ఎత్తుకున్నది నేనే. రెండు వారాల తరువాత ఫారం పూర్తిచేసి ఇస్తే, సంతకం పెట్టి కవరు నా చేతికే ఇచ్చింది.

"పోస్టాఫీసు మీ ఇంటి పక్కనేగా మిర్లాండ్ వదినా, కాస్త పడేసెయ్."

ఆ వెంటనే చర్చి భోజనాల దగ్గర నేను చేసిన గుమ్మడికాయ సూప్ రుచి చూసి, "వదిన గిన్నెకి గుమ్మడికాయని దూరం నుంచి చూపించి దించేసినట్టుందే!" అంది. ఆడవాళ్ళంతా పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను.

కారెక్కాక ఆ కవరును ముందు అరలోకి తోసేశాను. 'ఓ వారం ఆగనీ, ఏం మునిగిపోదు' అనుకున్నాను. ఆ తరువాత నిజంగానే మరిచిపోయాను.

గడువు దాటిన నెలకు, ఇన్సూరెన్సు కాగితం వెతుకుతుంటే అది చేతికి తగిలింది. మళ్ళీ అక్కడే పెట్టేశాను. ఒడనీస్‌కి చెప్పలేదు. రసీదు ఏదని ఒడనీస్ అడిగిన ప్రతిసారీ, "ఆఫీసుల సంగతి తెలిసిందేగా, ఫోన్ చేసి కనుక్కుంటాలే" అన్నాను. ఆమె పని అనుమతి గడువు ముగిసింది. ఆశ్రమంవాళ్ళు మానెయ్యమన్నారు.

ఆ సాయంత్రం వేయించిన అరటికాయ ముక్కలు పట్టుకుని మా ఇంటికొచ్చింది.

"నాకోసం ఎన్నిసార్లు ఫోన్లు చేశావో పాపం. తిను."

తీసిన ముక్కను మళ్ళీ గిన్నెలో పెట్టేశాను.

"ఒడనీస్, నేనా కవరు పంపలేదు. నా కార్లోనే ఉంది."

"మర్చిపోయావా?"

అవునంటే సరిపోయేది.

"తరవాత మర్చిపోయాను. ముందు మాత్రం కావాలనే ఆపాను. సూప్ గురించి అందర్నీ నవ్వించావని."

ఆమె లేచి నిలబడింది.

"సూప్ గురించా? హైతీలో మా అన్నని ఇంట్లోంచి దుండగులు ఈడ్చుకెళ్ళిన వీధికి పంపేదానివా నన్ను, సూప్ గురించి?"

గిన్నె అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

మర్నాడు ఉచితంగా సలహా ఇచ్చే లాయరు దగ్గరకు పరుగెత్తాను. తగిన కారణం చూపిస్తే ఫారం ఆలస్యమైనా తీసుకోవచ్చునట. జరిగింది జరిగినట్టు, కోపంతో సహా రాసి సంతకం పెట్టాను. లాయరు పిలిస్తే ఒడనీస్ వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది కానీ నాతో మాట్లాడలేదు.

జవాబు రావడానికి ఐదు నెలలు పట్టింది. అన్నాళ్ళూ ఆమె ఇంట్లోనే ఇరుగుపొరుగువాళ్ళకు జడలల్లుతూ గడిపింది. నేను సరుకులు తీసుకెళ్తే తలుపు తీసి అందుకుని, మళ్ళీ వేసేసేది.

ఒక మధ్యాహ్నం తనే ఫోన్ చేసింది.

"పని అనుమతి కార్డొచ్చింది. సోమవారం నుంచి పనికి రమ్మన్నారు. అన్నం వండాను, రా."

వెళ్ళాను. చిక్కుళ్ళ అన్నం నిండుగా వడ్డించి ఎదురుగా కూర్చుంది. క్షమించానని ఆమె అనలేదు. అడిగే మొహం నాకూ లేదు. తల వంచుకుని తిన్నాను.