ఇరవై మూడు జతల చెప్పులు

మొయినాబాద్ దాటాక చేవెళ్ల రోడ్డు మీద బస్సు దిగి, మట్టిరోడ్డులో రెండు కిలోమీటర్లు లోపలికి నడిస్తే ఎర్రకంచె. నలభై ఇళ్లు. ఆ పక్కనే కొత్తగా గులాబీల కంపెనీ ఒకటి ప్లాస్టిక్ పందిళ్లలాంటి పాలీహౌస్‌లు వేసింది. ఊళ్లో పని చేయగల వాళ్లు ఎంతమంది ఉన్నారో ఆ కంపెనీకి లెక్క కావాలి, ఆ లెక్క పట్టుకురావడం నా ఉద్యోగం. డిగ్రీ అయి నెల కూడా కాలేదు. మెడలో ఐడీ కార్డు, చేతిలో ట్యాబు, మెహిదీపట్నం నుంచి బస్సులో నిలబడే వచ్చాను, అయినా ఎగురుకుంటూ నడిచాను.

నేను వెళ్లేసరికి పదకొండయింది. ఏ ఇల్లు చూసినా తాళమే. చాయ్ హోటల్ ముందు కూర్చున్న బాలరాజ్ అనే ఆయన్ని అడిగాను.

"పనిచేసేటోళ్లా? ఆరుగురు రాస్కో. నేను డ్రైవర్‌ను, మా తమ్ముడు ఇంజినీరింగ్ కాలేజీల వాచ్‌మెన్..." వేళ్లు మడుస్తూ ఆరుగురినీ చెప్పాడు.

"మరి ఆడవాళ్లు?"

"ఆడోళ్లకేం పని? ఇంటికాడనే ఉంటరు."

"ఇళ్లకి తాళాలున్నాయి కదా అంకుల్."

ఆయన ఎదురుగా ఉన్న తన ఇంటి తలుపు వైపు చూశాడు. దానికీ తాళమే. "కొత్మీర కొయ్యనీకి పోయిన్రు. గది పనెట్లయితది, మన చేనే గద."

ఆరు అని కొట్టాను గానీ సబ్మిట్ నొక్కలేదు. మర్నాడు మొదటి బస్సెక్కి, తెల్లవారేసరికి చేను గట్టు మీదున్నాను.

అక్కడ నాకు ముందు కనిపించినవి మనుషులు కాదు, చెప్పులు. గట్టు పొడవునా వరసగా విడిచిన చెప్పుల జతలు. వాటి అవతల, మంచులో తడిసిన కొత్తిమీరలో, తలలకి తువ్వాళ్లు చుట్టుకుని వంగిన వీపులు. ఎవరు ఎవరో తెలియలేదు. చెప్పులు లెక్కపెట్టాను. ఇరవై మూడు జతలు.

"ఏం బిడ్డా, చెప్పులు కొంటవా?" అంది ఒకామె నడుం ఎత్తకుండానే. చుట్టుపక్కల వీపులన్నీ నవ్వుతో కదిలాయి. ఆమె పేరు విజయరాణి అని తర్వాత తెలిసింది. ఆ గుంపులో నోరంతా ఆమెదే. పెద్దరికం మాత్రం వసంతమ్మది. ఆమె లేచి, కొడవలి బొడ్లో దోపుకుని నా దగ్గరికి వచ్చింది.

నేను ఊపిరాడకుండా చెప్పేశాను. నీడపట్టున పని, ఏడాది పొడవునా ఉంటుంది, పొద్దున ఆరు నుంచి రెండు వరకు, ఇరవై మంది దాటితే ఊళ్లోకే వ్యాను వస్తుంది. వసంతమ్మ మొహం వెలిగింది. ఎండాకాలం నీళ్లు అడుగంటితే ఈ ఊళ్లో కొత్తిమీర ఉండదు, పని కోసం జన్వాడ ఫామ్‌హౌస్‌ల దాకా నడవాలి.

"ఇరవై మంది దాటితే అంటున్నవ్ గద, ఇరవై మూడున్నం. రాసుకో బిడ్డా."

ఒక్కొక్కరూ వచ్చి పేరు, వయసు చెప్పారు. ఇరవై రెండు పేర్లు ఎక్కాయి. ఇరవై మూడో ఆవిడ సాయమ్మ. వరస చివర కూర్చుని కట్టలు కడుతోంది. నన్ను తన దగ్గరికే పిలిచింది.

"డెబ్బై ఒకటి," అంది.

ట్యాబులో గడి ఎర్రగా మారింది. మళ్లీ కొట్టాను. మళ్లీ ఎరుపు.

"ఏమైంది?" అంది వసంతమ్మ.

"యాభై ఐదు దాటితే తీసుకోదండీ."

"యాభై అని రాయి," అంది విజయరాణి. "మా అవ్వ మొన్ననే పుట్టింది."

"ఎందుకు రాస్తది?" అంది సాయమ్మ కట్ట మీంచి కళ్లు ఎత్తకుండా. "నా వయసు నేను దొంగతనం చేసి తెచ్చుకున్ననా, దాచిపెట్టుకోనీకి? డెబ్బై ఒకటే రాయి."

నేను చిన్నగా చెప్పాను. "ఇరవై రెండు మంది ఉన్నా వ్యాను వస్తుంది ఆంటీ. సాయమ్మగారు ఇక్కడే చేను పని చూసుకోవచ్చు."

అందరూ ఒక్కసారిగా నిటారుగా నిలబడ్డారు. అప్పుడు మొదటిసారి అందరి మొహాలూ ఒకేసారి చూశాను.

"ఈ చేను ఎవలదో ఎరికేనా?" అంది వసంతమ్మ. "సాయమ్మదే. పది గుంటలు, పావెకరం. ఇయ్యాల ఈమె చేన్ల మేమందరం కోస్తున్నం. రేపు విజయ చేన్ల ఈమెతో కలిసి కోస్తం. ఎల్లుండి నాది. పైసల్ లేవు, బదులుకు బదులు. గుంపుల ఉన్నోళ్లకే వంతు ఉంటది."

"మీరు సాయంత్రం వచ్చి కోయొచ్చు కదా?" అన్నాను.

ఆమె చేయి చాపి పక్క చేను చూపించింది. అక్కడ చేను లేదు. ఎత్తైన కాంపౌండ్ గోడ, ఇనుప గేటు, లోపల ఈతచెట్లలాంటి ఏవో విదేశీ మొక్కలు.

"గది మంజుల చేను. రెండేండ్ల కింద ఒక తోట పనికి మమ్మల్ని పిలిచిన్రు, ఆమె మోకాలు బాగలేదని వద్దన్నరు. సరే అని మేం పోయినం. ఒస్తిమి, అలసిపోయి ఉంటిమి. రేపు కోస్తం మంజులా, ఎల్లుండి కోస్తం మంజులా అంటిమి. కొత్మీర పువ్వు పట్టింది. రెండు పంటలు గట్ల పోయినయ్. మూడో పంటకు చేను అమ్మింది." వసంతమ్మ చాపిన చేయి దించింది. "తప్పు మాదే. మళ్ల చెయ్యం."

సాయమ్మ కట్టిన కట్టని గంపలో పడేసింది. "జర నన్ను ఇడిచిపెట్టున్రి, మీరన్న పోయి బాగుపడున్రి," అంది.

"నువ్ నోర్మూస్కో అవ్వా," అంది విజయరాణి. "కట్టలు కట్టు."

వసంతమ్మ నా ట్యాబు మీద వేలు పెట్టింది. "ఇరవై మూడన్న రాయి, సున్నా అన్న రాయి. ఇరవై రెండు మాత్రం రాయకు. గంత మంది ఈ ఊర్ల లేరు."

నాకు ఆ క్షణంలో ఏమైందో తెలీదు. సున్నా కొట్టి సబ్మిట్ నొక్కేశాను.

గంటలో ఫోన్. మర్నాడు పొద్దున్నే మా మేనేజర్ అరుణ్ సార్ కారేసుకుని వచ్చారు. గట్టు మీద నిలబడి నన్ను చూశారు, విజయరాణి చేన్లో వంగి ఉన్న వీపుల్ని చూశారు.

"మనోజ్ఞా, ఈ ఊళ్లో లేబర్ సున్నా అని పంపించావు. మరి వీళ్లెవరు?" వేలు చూపిస్తూ గట్టిగా లెక్కపెట్టారు. "ఇరవై ఒకటి, ఇరవై రెండు, ఇరవై మూడు. కళ్ల ముందు ఇరవై మూడు మంది పని చేస్తుంటే సున్నా ఎలా వేస్తావు?"

"ఇంకోపాలి చెప్పు సార్," వసంతమ్మ లేచింది. "ఎంతమంది?"

"ఇరవై మూడు."

"మేం గదే చెప్పినం. మీ మిషిన్ వినలే."

వరస చివర సాయమ్మ తువ్వాలు తీసి మొహం తుడుచుకుంది. సార్ ఆమెని చూసి నాలిక కరుచుకున్నారు. "ఈ అవ్వ కాకుండా..."

"నువ్వే ఎంచినవ్ గద. వంగినప్పుడు మంచిగనే కనబడ్డది, లేస్తే కనబడుతలేదా?" అంది వసంతమ్మ.

"రూల్ అమ్మా. సరే, ఒక పని చేద్దాం. అవ్వ ఎంత స్పీడ్‌గా చేస్తుందో ఒకసారి చూపించమనండి, నేను పైవాళ్లతో మాట్లాడతా."

సాయమ్మ చేతులు ఆపేసింది. నేను ఆశగా చూశాను. నిన్నంతా చూశాను కదా, ఆమె చేతుల్లో కట్ట ఎంత వేగంగా తిరుగుతుందో.

"పరీక్ష రాయనీకి నేనేమన్న బడి పిల్లనా?" అంది ఆమె. "వీళ్లెవ్వలకూ పెట్టలే. నాకెందుకు?" చేతులు ఒళ్లో పెట్టుకుని, ఆయన వైపే చూస్తూ, ఒక్క కట్ట కూడా కట్టలేదు.

సార్ మొహం ఎర్రబడింది. "నాకేంటమ్మా, వేరే రాష్ట్రం నుంచి తెచ్చుకుంటా. లేబర్ దొరకదా?"

"దొరుకుతది సార్," అంది విజయరాణి. "షెడ్లు వేయున్రి, బియ్యం తెచ్చియ్యున్రి, పండుగలకు రైలెక్కియ్యున్రి. ఈ ఊర్లనైతే లేదు."

ఆయన కారెక్కాక అద్దం దించి, "నువ్వు మా మనిషివా, వాళ్ల మనిషివా?" అని అడిగారు. "రిపోర్టు మార్చి పంపు."

మార్చాను. సున్నా తీసేసి, కింద రిమార్కుల గడిలో రాశాను. "ఇరవై మూడు. విడిగా దొరకరు."

సోమవారం తెల్లవారుజామున వ్యాను వచ్చింది. డ్రైవర్ చేతిలో లిస్టు, అందులో ట్యాబు ఒప్పుకున్న ఇరవై రెండు పేర్లే. నన్ను పక్కన కూర్చోబెట్టి పంపారు, పేర్లు పిలవాలి. పిలిచాను. చాయ్ హోటల్ ముందు ఇరవై మూడు మందీ నిలబడి ఉన్నారు, ఒక్కరూ పలకలేదు. బాలరాజ్ అరుగు మీంచి అరిచాడు. "ఎక్కుండ్రే, పిచ్చోళ్ల లెక్క నిలబడ్డరేంది? ఒక్క ముసలిదాని కోసం నౌకరీ పోగొట్టుకుంటరా?"

"నీ ఆరుగురిని ఎక్కియ్," అంది వసంతమ్మ. "పనిచేసేటోళ్లు వాళ్లే గద."

వ్యాను ఖాళీగా వెళ్లిపోయింది. సాయమ్మ ఏదో అనబోయింది, విజయరాణి ఆమె చేతిలో గంప పెట్టింది. అందరూ చేనుకి నడిచారు.

మంగళవారం మళ్లీ వచ్చింది. ఈసారి డ్రైవర్ చేతిలో కాగితమేదీ లేదు. "ఉన్నోళ్లను ఉన్నట్టు ఎక్కించుకొని రమ్మన్నరు," అన్నాడు. "పూలు విచ్చుకుంటున్నయంట, విచ్చుకున్నంక అమ్ముడుపోవంట."

సాయమ్మ అందరికంటే ముందు ఎక్కి, డ్రైవర్ పక్క సీట్లో కూర్చుంది. నన్ను వెనక్కి పొమ్మంది.

పాలీహౌస్ గుమ్మం దగ్గర చెప్పులు విడిచే లోపలికి వెళ్లాలి. ఒక్కొక్కరే విడిచి వెళ్లారు. వసంతమ్మ అందరూ వెళ్లేదాకా బయటే ఆగింది, వంగి చెప్పుల జతలు లెక్కపెట్టుకుంది, చివర తనవి విడిచి లోపలికి వెళ్లింది.